పక్కింటావిడ కోసం లెమన్ కర్డ్

మేడమీద గది,
నవంబరు 9

వదినా,

ఈసారి పని మీద రాస్తున్నాను కాబట్టి క్షేమ సమాచారాలు చిన్నగా ముగిస్తాను. నేను బాగున్నాను. మోకాలు బాగాలేదు. కాలేజీవాళ్ళు అట్టలూడిన నిఘంటువులు నలభై తెచ్చి పడేసి, కుట్టి ఇమ్మన్నారు. నా బైండింగు గదిలో నాకే నిలబడే చోటు లేదు.

ఇక అసలు సంగతి. కింద వాటా నర్సుగారి పెరట్లో నిమ్మచెట్టు ఈ ఏడు విరగకాసింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆవిడకి ఒళ్ళు హూనం. కాయలు కోసి రోజూ బుట్టెడు నా గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండా పారిపోతుంది. నిమ్మరసం తాగి తాగి నా పళ్ళు పులిశాయి. నువ్వు చేసే లెమన్ కర్డ్ ఎలా చేస్తావో రాసి పంపు. అదే, రొట్టె మీద రాసుకునేది, పచ్చగా నిగనిగలాడుతూ, నోట్లో పుల్లగా మొదలై తియ్యగా దిగేది. అన్నయ్య సీసా అడుగుదాకా వేలు పెట్టి నాకేవాడే, అది.

నీ దగ్గర దాపరికం ఎందుకు, నిజం చెప్పేస్తాను. ఫిబ్రవరి ఇరవైకి అన్నయ్యకి అరవై నిండుతాయి. నాతో మాట్లాడి నాలుగేళ్ళు. తను బాగుచేసి ఇచ్చిన అలారం గడియారం గంట వెనకబడింది, నాకు రైలు తప్పింది, గ్రంథాలయం వాళ్ళ పని చేజారింది. అంతవరకూ నిజమే. కానీ తన గడియారాల కొట్లోకొచ్చి, గిరాకీల ముందు, “నీ చేతుల్లో పనితనం పోయింది” అని అరిచాను చూడు, అది అనాల్సిన మాట కాదు. రెండేళ్ళ క్రితం తప్పైపోయిందని ఉత్తరం రాశాను. జవాబు లేదు. మాటలతో కాలేదు కదా, తిండితో చూద్దామని ఇప్పుడు బుద్ధి పుట్టింది. తనకి ప్రాణమైన వస్తువు నా చేత్తో చేసి పుట్టినరోజుకి పంపుతాను. అది తిన్నాక కూడా మాట్లాడకపోతే, ఇక నాకు అన్నయ్య లేడని గుండె రాయి చేసుకుంటాను.

ఫోను చేసి అడుగుదామంటే మీ ఫోను అన్నయ్య కుర్చీ పక్కనే ఉందాయె. తనకి మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు.

నీ
పిచ్చుక

*

వంటింటి బల్ల,
నవంబరు 18

పిచ్చుకా,

నీ ఉత్తరం బడి నుంచి రాగానే చదివాను. మా రెండో తరగతి పిల్లల అల్లరి గురించి నాలుగు పేజీలు రాద్దామనుకున్నాను, నువ్వేమో వంట అడిగి కూర్చున్నావు.

మీ అన్నయ్య బాగున్నారు. కొట్టు బాగా నడుస్తోంది. నీ సంగతి నేనేం చెప్పలేదు.

లెమన్ కర్డ్‌లో ఏముందే, బ్రహ్మవిద్యా? నిమ్మరసం, చక్కెర, గుడ్లు, వెన్న. అన్నీ సరిపడా వేసి దగ్గరపడేదాకా ఉడికించడమే. ఎంతెంత అంటే ఏం చెప్పను, చేతికొచ్చినంత. చేస్తుంటే అదే తెలుస్తుంది. అయినా ఇంత కష్టం దేనికి, మంచి చొక్కా గుడ్డ కొని పంపరాదూ? నీలం రంగు ఆయనకి బాగుంటుంది.

ముందు గదికి కొత్త కర్టెన్లు కుట్టాను. ఒకటి పొట్టిగా వచ్చింది. ఎవరూ చూడటం లేదులే.

నీ
వదిన

*

మేడమీద గది,
నవంబరు 30

వదినా,

నువ్వు చెప్పినట్టే చేశాను. నిమ్మకాయ ఆమ్లెట్ తయారైంది.

రసం, చక్కెర పొయ్యి మీద పెట్టాను. కుతకుతమంటోంది. గుడ్లు కొట్టి పోశాను. అంతే, కళ్ళ ముందే విరిగి ముద్దలు ముద్దలుగా తేలాయి. పైగా అల్యూమినియం గిన్నె, ఆ పులుపుకి ఇనుము నాకినట్టు వచ్చింది రుచి. నర్సుగారికి ఒక చెంచా ఇచ్చాను. ఆవిడ మింగి, కాసేపు ఆలోచించి, “ప్రాణానికేం ప్రమాదం లేదు. కానీ ఇంకెవరికీ పెట్టకండి” అంది.

చేతికొచ్చినంత ఏమిటి వదినా? నా చేతికి జిగురు, దారం వస్తాయి గానీ గుడ్లు ఎలా వస్తాయి? ముప్పై రెండేళ్ళుగా చేస్తున్నదానివి, కాస్త వివరంగా రాయలేవూ? ఏదో దాస్తున్నావని అనుమానంగా ఉంది. వంట రహస్యం ఆడపడుచుకి చెబితే కీర్తి తగ్గిపోతుందా? చొక్కా గుడ్డ కాదు నాకు కావాల్సింది. చొక్కా ఎవరైనా పంపుతారు, తొడుక్కుని నోరు మూసుకుని కూర్చుంటాడు.

ఇంకా మూడు నెలలు కూడా లేవు. త్వరగా రాయి.

పిచ్చుక

*

వంటింటి బల్ల,
డిసెంబరు 11

పిచ్చుకా,

నీ ఆమ్లెట్ కథ చదివి బడిలో అందరి ముందూ నవ్వాను. కీర్తి మాట ఎత్తకు. నాకు అసలే భయంగా ఉంది.

విను. గిన్నె నేరుగా మంట మీద పెట్టకూడదట. ఒక గిన్నెలో నీళ్ళు మరిగించి, దాని మీద ఇంకో గిన్నె కూర్చోబెట్టాలి. ఆవిరి వేడి చాలు. స్టీలుదో గాజుదో వాడు. గుడ్లు, చక్కెర ముందే బాగా గిలక్కొట్టి అప్పుడు రసం కలపాలి. చెక్క గరిటెతో ఆపకుండా తిప్పుతూ ఉండాలి. చిక్కబడగానే దించెయ్యాలి. ఎంత చిక్కగా అంటావేమో. చిక్కగా అంతే.

ఇంతకంటే ఇప్పుడు అడగలేను. అంటే, రాయలేను. బడిలో పరీక్షలు.

నీ
వదిన

*

మేడమీద గది,
డిసెంబరు 27

వదినా,

గిన్నె మీద గిన్నె అని ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మా బైండింగువాళ్ళం జిగురు కాచేది అలాగే. కంగారు పడకు, జిగురు గిన్నె వాడలేదు, కొత్త స్టీలు గిన్నె తెచ్చాను. ఇరవై ఏడేళ్ళుగా జిగురు కాస్తున్న చెయ్యి నాది, ఇక నన్ను మించినవాళ్ళెవరు అనుకున్నాను. చిక్కదనం సంగతి నాకొకరు చెప్పాలా? గరిటె పైకెత్తితే తీగలా సాగాలి, తెగకుండా జారాలి. అంతవరకూ వదల్లేదు. చెయ్యి పీకుతున్నా తిప్పుతూనే ఉన్నాను. భలే కుదిరిందని సీసాలో పోసి మూత పెట్టి, కూనిరాగం తీస్తూ పనిలో పడ్డాను.

మర్నాడు సీసా తలకిందులు చేస్తే కదల్లేదు. చెంచా గుచ్చితే నిటారుగా నిలబడింది. నర్సుగారు దాన్ని అటూ ఇటూ లాగి చూసి, “ఇది ఎముకలు విరిగినవాళ్ళకి కట్టు కట్టడానికి బాగుంటుంది” అంది. ఆవిడ మీద కోపం వచ్చింది గానీ, నిజం చెప్పొద్దూ, నాకూ ఒక నిఘంటువు వీపుకి రాసి చూద్దామా అనిపించింది.

రుచి మాత్రం దగ్గరికొచ్చింది. నాలుక మీద పెట్టుకోగానే మీ వంటిల్లు గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత దగ్గర. ఎక్కడ తప్పు చేశానో చెప్పు వదినా, నీకు పుణ్యముంటుంది.

పిచ్చుక

*

వంటింటి బల్ల,
జనవరి 10

పిచ్చుకా,

జాగ్రత్తగా చదువు.

నిమ్మకాయలు నాలుగు. ముందు తొక్క తురుము, తర్వాత కాయ పిండు. పిండిన కాయని తురమలేవు. పసుపు మాత్రమే తురుము, కింద తెల్లపొర చేదు. గుడ్లు మూడు, పైన ఒక పచ్చసొన. చక్కెర రెండు వందల గ్రాములు. వెన్న వంద, ముక్కలుగా కోసి పెట్టుకో. కింద గిన్నెలో నీళ్ళు పై గిన్నె అడుగుకి తగలకూడదు. వేలెడు జాగా ఉండాలి. మంట తగ్గించు. ఒకే వైపు తిప్పు. పది నుంచి పన్నెండు నిమిషాలు. తొందరపడితే విరుగుతుంది, విరిగింది మళ్ళీ అతకదు.

గరిటె వెనకవైపు వేలితో గీత గియ్యి. గీత పూడకుండా ఏడు లెక్కపెట్టేదాకా నిలిస్తే దించెయ్. ఇంకా పల్చగా ఉందని నీకు అనిపిస్తుంది. అనిపించనీ. దించెయ్. చల్లారేటప్పుడు అదే చిక్కబడుతుంది. నువ్వు వేడి మీదే జిగురంత చిక్కగా చేశావు, అదీ నీ తప్పు. జిగురు వేడిగా వాడతారు. దీన్ని చల్లగా తింటారు.

అంతే పిచ్చుకా. అమ్మయ్య, రాసేశాను. ఇక్కడ అంతా బాగుంది, నిజంగా బాగుంది. ఈ వారం నాకు ఎందుకో ఊరికే నవ్వొస్తోంది.

నీ
వదిన

*

మేడమీద గది,
జనవరి 24

వదినా,

కుదిరింది! కుదిరింది! కుదిరింది!

దించేటప్పుడు పల్చగా ఉందని ప్రాణం గిజగిజలాడింది. రెండుసార్లు మళ్ళీ పొయ్యి మీద పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మర్నాడు మూత తీస్తే, ఏం చెప్పమంటావ్, అద్దంలా ఉంది. నర్సుగారు డ్యూటీకి ఆలస్యమవుతున్నా నా గుమ్మంలోనే నిలబడి మూడు రొట్టె ముక్కలు తినేసి, నాలుగోది చేత్తో పట్టుకుపోయింది. నేను నా బల్ల దగ్గర కూర్చుని, ఒంటరిగా, చెంచాతోనే సగం సీసా లాగించాను. చాలా రోజుల తర్వాత నాకు నేనే ముద్దొచ్చాను.

ఇప్పుడు చెప్పు. ఎవరు రాయించారు నీ చేత?

నీ ఉత్తరాలు నాకు కొత్తా? అందులో “అమ్మో” లేకుండా, “ఏమో” లేకుండా ఇరవై వాక్యాలు నువ్వు ఏనాడైనా రాశావా? నువ్వు గ్రాములు రాశావు వదినా! కర్టెన్ కొలవడం రాని మనిషివి, వేలెడు జాగా అన్నావు, ఏడు లెక్కపెట్టమన్నావు. “అనిపించనీ. దించెయ్.” ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పిన గొంతు అది. ఊరించకుండా చెప్పు.

పిచ్చుక

*

వంటింటి బల్ల,
ఫిబ్రవరి 2

పిచ్చుకా,

దొరికిపోయాను. తిట్టుకో, కానీ చివరిదాకా చదివి తిట్టుకో.

నాకు లెమన్ కర్డ్ చెయ్యడం రాదు. ఏనాడూ రాదు. చేసేది మీ అన్నయ్య. పెళ్ళైన కొత్తలో నాకు జ్వరమొచ్చి నోరంతా చేదుగా ఉందంటే, ఏదో పుస్తకంలో చూసి చేసిపెట్టారు. అత్తయ్యగారు ప్రయాణం నుంచి వచ్చి, రుచి చూసి, “ఎవరు చేశారు?” అన్నారు. కొడుకు గరిటె పట్టుకున్నాడని తెలిస్తే మీ అమ్మగారు ఇల్లు పీకి పందిరేసేవారని నీకు తెలుసుగా. ఆయన నా మొహం చూశారు. నేను “నేనే అత్తయ్యా” అనేశాను. ఆవిడ నన్ను మనసారా మెచ్చుకున్నది జీవితంలో దానికొక్కదానికే. ఎలా వదులుకోమంటావ్? అప్పట్నుంచీ తలుపేసుకుని ఆయన చెయ్యడం, నేను బయటికొచ్చి నుదుటి చెమట తుడుచుకోవడం.

ఇది చిన్న అబద్ధం. పెద్దది ఇంకోటుంది. కొట్టు బాగా నడుస్తోందని రాశాను. కొట్టు మూసేసి ఏడాదిన్నర అయింది. మీ అన్నయ్యకి చేతులు వణుకుతున్నాయి పిచ్చుకా. నువ్వు గడియారం పట్టుకొచ్చి అరిచిన రోజుకే ఆ వణుకు మొదలై ఆరు నెలలు. అప్పటికి నాకు కూడా చెప్పలేదు. నీ గడియారంలో చక్రం సరిగ్గా కూర్చోబెట్టలేకపోయారు, ఆ సంగతి ఆయనకి తెలుసు. నువ్వన్నది అబద్ధమైతే రెండు రోజులు నీ మీద ఎగిరి మర్చిపోయేవారు. నిజమైపోయింది. అందుకే నోరు పడిపోయింది.

తర్వాత, తప్పైపోయిందని నువ్వు రాసిన ఉత్తరం వచ్చింది. “నీ చేతుల్లాంటి చేతులు ఇంకెవరికీ లేవు, నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు ముక్కలు రాయి, చాలు” అన్నావు. రాయడానికి కూర్చున్నారు. వారం రోజులు కూర్చున్నారు. చింపిన కాగితాలు నేనే ఊడ్చిపోశాను. మీరు చెప్పండి, నేను రాస్తానంటే కోపం. చివరికి నీకు చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నారు. ప్రాణానికేం భయం లేదన్నాడు డాక్టరు, మందులిచ్చాడు. కానీ మనిషి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఇక లేవడం మానేశారు.

అలాంటప్పుడు కర్డ్ ఎలా చేస్తావని అడుగుతూ నీ ఉత్తరం వచ్చింది. నోటికొచ్చింది రాసి పంపాను. నీ ఆమ్లెట్ సంగతి తెలిశాక, పక్కింటావిడ అడుగుతోందని చెప్పి ఆయన్నే అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూనే నాలుగు ముక్కలు చెప్పారు. జిగురు ఉత్తరం వచ్చాక మళ్ళీ వెళ్ళాను. “ఏవండీ, పక్కింటావిడది గట్టిపడిపోయిందట. గరిటె ఎత్తితే తీగలా సాగి, తెగకుండా జారేదాకా కాచిందట” అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. “పక్కింటావిడ ఎప్పట్నుంచి పుస్తకాలు కుడుతోంది?” అన్నారు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకేమీ అడగలేదు. కుర్చీలోంచి లేచి, వంటింట్లోకి వచ్చి, “నిమ్మకాయలున్నాయా?” అన్నారు. చేస్తూ చెప్పారు, నేను పక్కన నిలబడి రాసుకున్నాను. గరిటె పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే చూడలేక మొహం తిప్పుకున్నాను. “ఎందుకటు తిరుగుతావ్, తిప్పే శ్రమ తప్పింది, చూడు, గరిటె అదే ఆడుతోంది” అని నవ్వారు. ఆయన నవ్వగా విని ఎన్నాళ్ళైందో. నేను అక్కడే బావురుమన్నాను. ఆ గొడవలో కర్డ్ విరిగింది. నన్ను తిట్టి, మళ్ళీ మొదటినుంచీ చేశారు. ఏడు లెక్కపెట్టే సంగతి మాత్రం “పక్కింటావిడకి సరిగ్గా చెప్పు” అని రెండుసార్లు అన్నారు.

నా ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. ఇక నీ ఇష్టం. జాలిపడుతూ మాత్రం రాయకు, ఆయన తట్టుకోలేరు.

నీ
వదిన

*

బైండింగు గది,
ఫిబ్రవరి 14

అన్నయ్యా,

ఈ సీసా పక్కింటావిడ పంపింది.

ఉత్తరం మొదలుపెట్టి నాలుగుసార్లు ఆపాను. వదిన అంతా చెప్పింది. తనని ఒక్క మాట అన్నావంటే నేనూరుకోను.

ఈసారి నిన్ను ఆకాశానికెత్తను. గడియారం వెనకబడింది, అది నిజం. నలుగురిలో నేను అరవడం తప్పు, అదీ నిజం. ఆ రెండూ అక్కడితో అయిపోవాల్సింది. నీ చెయ్యి ఎలా ఉందో ఒక్కసారి చూసి ఉంటే నోరు మూసుకునేదాన్ని. చూడలేదు. నా రైలు, నా పని, నా కోపం, అవే చూసుకున్నాను. అందుకు సిగ్గుగా ఉంది. నాలుగేళ్ళు నువ్వు కోపంలో ఉన్నావనుకుని ఏడ్చాను. నువ్వు అక్కడ ఒక్కడివీ కూర్చున్నావని తెలిస్తే ఏడుపు మానేసి రైలెక్కేదాన్ని.

ఇప్పుడు నీకో పని. ఇది తిని తప్పులు చెప్పు. నర్సుగారు బ్రహ్మాండం అంటోంది, కానీ ఆవిడ రోజూ ఆసుపత్రి క్యాంటీన్లో తినే మనిషి, ఆవిడ మాటకి విలువేముంది? నా చేతిపనికి తప్పులు పట్టగలిగిన వాడివి నువ్వొక్కడివే. వదిన చేత రాయించు. లేదా ఫోను చెయ్యి. నచ్చకపోతే సీసా తిప్పి పంపు, అదీ జవాబే అనుకుంటాను. ఊరికే మాత్రం ఉండకు. నేను తట్టుకోలేను అన్నయ్యా.

పుట్టినరోజు శుభాకాంక్షలు.

పిచ్చుక

*

కిటికీ దగ్గర,
ఫిబ్రవరి 25

పిచ్చుకా,

సీసా పద్దెనిమిదో తారీఖున వచ్చింది. పుట్టినరోజుకి అడుగంటింది.

తప్పులు. చక్కెర ఒక చెంచా ఎక్కువ. వడకట్టలేదు, తురుము పళ్ళకి తగులుతోంది. వెన్న పొయ్యి మీద ఉండగానే వేశావు, దించాక వెయ్యాలి. అది మీ వదిన రాయడం మర్చిపోయింది. మిగతాది బాగుంది. చాలా బాగుంది.

ఇది రాయడానికి నాకు అయిదు రోజులు పట్టింది. కోడి గెలికినట్టుంది. చింపకుండా పంపుతున్నాను.

గడియారం తప్పు నాది. అప్పుడే చెప్పాల్సింది, భయపడ్డాను. నీ మీద కోపం ఏనాడూ లేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కర్డ్ చేస్తున్నాను. తలుపు తీసే చేస్తున్నాను. తిప్పడం వస్తోంది. రెండో చెయ్యి కూడా వణకడంతో గిన్నె నిలవడం లేదు. మీ వదిన పట్టుకుంటుంది గానీ, మాటల్లో పడి వదిలేస్తుంది. నువ్వొచ్చి పట్టుకో.

అన్నయ్య